మా సార్ వేరే, వాళ్ల సార్ వేరే

ఓటు కాగితం చేతికి రాంగనే మా ముందున్న పోరడు దాన్ని విప్పి, "ఇది ఓటు కాగితమా, కిటికీకి కట్టే పరదానా?" అన్నడు. పోలింగ్ అధికారి నవ్విండో లేదో తెల్వదు, అందరి మూతులకు మాస్కులుండె. 2021 మార్చి 14, ఆదివారం. హన్మకొండల ఒక కాలేజీ. వరంగల్–ఖమ్మం–నల్లగొండ పట్టభద్రుల సీటుకు ఎన్నిక. కుర్చీ ఒకటి, నిలబడ్డోళ్లు 71 మంది. నేను కండ్లద్దాలు రెండు జతలు పట్టుకపోయిన, ఒకటి దూరానికి, ఒకటి దగ్గరికి. రెండూ అక్కరకొచ్చినయి.

71 మంది ఉన్నరని కాదు నా ఏడుపు. అంగట్ల దుకాణాలు ఎన్నుంటే కొనేటోనికి అంత మంచిది. కానీ అండ్ల సగం దుకాణాలల్ల ఒకటే సరుకు. కొలువుల నోటిఫికేషన్లు ఏవి, పీఆర్సీ ఏది, యూనివర్సిటీల ఖాళీలు ఎప్పుడు నింపుతరు, మండలిల ప్రశ్నించే గొంతు ఉండొద్దా! తెలంగాణ ఉద్యమంల జేఏసీని నడిపించిన కోదండరాం సార్ అదే అన్నడు. ఊరూరు తిరిగిన తీన్మార్ మల్లన్న అదే అన్నడు. ఉద్యమంల జైలుకు పోయొచ్చిన డాక్టర్ చెరుకు సుధాకర్ అదే అన్నడు, రాణీ రుద్రమ అదే అన్నది, వామపక్షాలు నిలబెట్టిన జయసారథి రెడ్డి కూడ అదే అన్నడు. కరపత్రాలన్నీ మా ఇంట్ల టీపాయి మీద కలిసిపోతే, ఫొటోల మీద చెయ్యి అడ్డం పెట్టి చదివి చూసిన. ఏది ఎవరిదో నేనైతే చెప్పలేకపోయిన.

గల్లీల ప్రచారానికొచ్చిన ఒక పిలగాన్ని ఆపి అడిగిన. "బిడ్డా, మీ సారుకు ఆ సారుకు తేడా ఏందిరా?" వాడు నన్ను జాలిగ చూసిండు. "మా సార్ వేరే, వాళ్ల సార్ వేరే కదా తాతా!"

గిదీ జవాబు.

మా రోజుల్ల కొట్లాటలు లేవా అంటే ఉన్నయి. ఇంతకన్న పెద్దయి ఉన్నయి. అయితే ఎందుకు కొట్లాడుకుంటున్నరో ఇంట్ల పిల్లలకు కూడ తెలుస్తుండె. 1964ల కమ్యూనిస్టు పార్టీ రెండు ముక్కలైంది. మా మేనమామలు ఇద్దరుండిరి, ఇద్దరూ ఆజంజాహి మిల్లుల పనిచేసేటోళ్లే. పెద్దమామ సీపీఐల ఉన్నడు, చిన్నమామ మార్క్సిస్టుల దిక్కు పోయిండు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, నడుమ మాటల్లేవు. అంబటాళ్లకు పెద్దమామ మా అమ్మమ్మతోని, "నీ చిన్న కొడుక్కు చెప్పు, కాంగ్రెస్‌ల మంచోళ్లను కలుపుకోకుంటే ఈ దేశంల ఏం కాదని" అనేటోడు. చిన్నమామ అక్కడనే పీట మీద కూసోని తినుకుంట, "నీ పెద్ద కొడుక్కు చెప్పు, భూస్వాములున్న పార్టీతోని కలిస్తె మిగిలేది బొచ్చె అని" అనేటోడు. అమ్మమ్మ ఎవరికీ ఏం చెప్పకపోయేది, కూరగిన్నె మాత్రం అటిటు జరిపేది. నాకు పదహారేండ్లు. ఆ తొవ్వ వేరు, ఈ తొవ్వ వేరు అని నాకు గూడ సమజైంది.

నష్టం కాలేదా అంటే మస్తుగైంది, అబద్ధమెందుకు. 1962ల ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీల కమ్యూనిస్టులు 51 మంది. 1967ల రెండు పార్టీలు ఎవరి కొడవలి వాళ్లు పట్టుకొని దిగిండ్రు. సీపీఐకి 11, సీపీఎంకు 9. రెండు కలిపినా ఇరవయ్యే. ఆ రాత్రి మా ఇంట్ల ఇద్దరు మామలూ ఒకే గోడకు ఒరిగి కూసున్నరు. మాటల్లేవు గని, బీడీకి అగ్గిపుల్ల మాత్రం ఒకరిది ఒకరు తీసుకున్నరు.

అంతకు ముందు ముచ్చట మా నాయన చెప్పేది. 1952ల మొదటి ఎన్నికలు. హైదరాబాద్ రాష్ట్రంల కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం, అందుకని పీడీఎఫ్ పేరు మీద నిలబడ్డరు. పెండ్యాల రాఘవరావు ఒక లోక్‌సభ సీటు, రెండు అసెంబ్లీ సీట్లు, మూడింటికి నిలబడి మూడూ గెలిచిండు. వరంగల్ లోక్‌సభల ఆయన మీద నిలబడి ఓడింది ఎవరనుకున్నరు, కాళోజీ! ఇద్దరూ నిజాం మీద కొట్లాడినోళ్లే, ఇద్దరూ జైళ్లు చూసినోళ్లే. మా నాయన ఓటు పెండ్యాలకు వేసిండు, కవిత్వం కాళోజీది చదివిండు, రెండింటికీ ఎన్నడూ పంచాయితీ రాలేదు. కాళోజీ ఓట్లు చీల్చిండన్న మాట ఆయన నోట నేను విననే లేదు. సర్కారు పెత్తనం మనిషి మీద ఎంతవరకు ఉండాలె అన్నది కాళోజీ పట్టుకున్న మాట. చచ్చేదాక దాన్ని ఇడువలేదు. ఎమర్జెన్సీ అయినంక మళ్ల నిలబడ్డడు. వరంగల్‌ల గెలిచే సీటు చూసుకోలేదు, సత్తుపల్లికి పోయి, ఎమర్జెన్సీల ముఖ్యమంత్రిగ ఉన్న జలగం వెంగళరావు మీద నిలబడ్డడు. ఓడుతనని తెలుసు. తన మాట మాట్లాడేటోని పక్కన కాదు, ఆ మాట గొంతు నొక్కినోని ఎదురుంగ నిలబడ్డడు. నాకు ఆ ఎన్నిక గెలిచిన ఎన్నికలన్నిట్ల కన్న పెద్దది.

నా మొదటి ఓటు 1971ల. అప్పుడు 21 నిండితెనే ఓటు. '69 తెలంగాణ ఉద్యమంల లాఠీలు తిన్న పోరగాళ్లం, ఎవరికి వెయ్యాలె అన్న అనుమానమే లేకుండె. తెలంగాణ ప్రజా సమితి ఒక సీటుకు ఒక్కరిని పెట్టింది, మేం ఒక్కరికే వేసినం. తెలంగాణల 14 సీట్లకు 10 వచ్చినయి, వరంగల్‌ల ఎస్.బి.గిరి గెలిచిండు. ఏడు తిరగకముందే తీస్కపోయి కాంగ్రెస్‌ల కలిపిండ్రు. అది వేరే ఏడుపు, ఇంకోపాలి ఏడుస్త.

ఇంకో సంగతి. 1984ల హన్మకొండల పి.వి.నరసింహారావు ఓడిపోయిండు. ఇందిరమ్మ పోయిన దుఃఖంల దేశమంత కాంగ్రెస్ గెలుస్తుంటే, ఇక్కడ బీజేపీ చందుపట్ల జంగారెడ్డి పీవీని కొట్టిండు. ఆ యేడు బీజేపీకి దేశం మొత్తం మీద వచ్చినయి రెండే సీట్లు, అండ్ల మాదొకటి. ఎట్లొచ్చింది? తెలుగుదేశం పక్కకు జరిగి సీటు ఇడిచింది కాబట్టి. ఎన్టీఆర్ పార్టీకి బీజేపీకి ఆలోచనలల్ల పొంతనుండెనా? ఉప్పుకు కప్పురానికి ఉన్నంత. ఆలోచన కలవనోళ్లు ఒక్కటైతరు గని కలిసినోళ్లు ఒక్కటి గారు. ఈ ముడి నాకు నలభయ్యేండ్ల నుంచి ఇప్పటిదాక ఇప్పరాలేదు. పీవీ మాత్రం రాంటెక్‌ల కూడ నిలబడి ఉండె కాబట్టి పార్లమెంటుకు పోయిండు, తర్వాత ఏమైండో మీకు తెలుసు.

డల్లాస్‌ల ఉన్న మా పెద్దోనికి ఫోన్ల ఇదంత చెప్తే, "బాపూ, ఇక్కడ గూడ గంతే" అన్నడు. 2012 ఎన్నికలకు రిపబ్లికన్ పార్టీల టెక్సాస్ డాక్టర్ రాన్ పాల్, న్యూ మెక్సికో మాజీ గవర్నర్ గ్యారీ జాన్సన్ ఇద్దరూ దిగిండ్రట. ఇద్దరి మాట ఒకటే, సర్కారు జనం జేబుల నుంచి, జనం ఇండ్లల్ల నుంచి చెయ్యి తియ్యాలె, పరాయి దేశాల్ల యుద్ధాలు బందుపెట్టాలె. డాక్టరుకు భక్తులు ముందే ఉండిరి, గవర్నరును టీవీ చర్చలకు గూడ ఎక్కువ పిలువలేదు. 2011 డిసెంబర్‌ల ఆయన ఆ పార్టీని ఇడిచి లిబర్టేరియన్ పార్టీకి పోయి అక్కడ అభ్యర్థైండు, చివరికి వచ్చింది నూటికి ఒక్క ఓటు. డాక్టరుకు గూడ టికెట్ రాలే, రామ్నీకి పోయింది. "మరి తేడా ఏంది బిడ్డా మనకు, వాళ్లకు?" అంటే, "వాళ్లు ముందు ఇంట్ల కొట్లాడి ఒక్కన్ని తేల్చుకొని బయటికొస్తరు బాపూ" అన్నడు. మనం డైరెక్టుగ బజార్లకే వస్తం.

ఇగ అసలు ముచ్చటకొస్త. నాకు కడుపుమంట ఎక్కడంటే, పట్టభద్రుల ఎన్నికల ఈ రోగానికి మందు ఆ కాగితంలనే ఉన్నది. ఊదారంగు స్కెచ్ పెన్ను వాళ్లే ఇస్తరు, మన పెన్ను నడువది. ఇష్టమైనోని పేరు ఎదురుంగ 1 వెయ్యి, తర్వాత నచ్చినోనికి 2, ఆ తర్వాత 3, ఎందరికైనా వేసుకో. నీ ఒకటో మనిషి పోటీల నుంచి పోతే నీ ఓటు రెండో మనిషికి పోతది. ఒక్క తీరు మాట్లాడేటోళ్లు పదిమంది నిలబడ్డా ఓటు నేలపాలు గాకుండ ఇంతకన్న మంచి ఉపాయం ఎవడు కనిపెడ్తడు! దీనికి డిగ్రీ చదివినోళ్లే ఓటర్లు, అదీ ప్రతిపాలి కొత్తగ ఫారం 18 నింపి, సర్టిఫికెట్ జత చేసినోళ్లే.

మరి చదివినోళ్లు ఏం చేసిండ్రు? మా పక్కింటాయన రిటైరైన లెక్కల సార్. ఆటోల తిరిగొస్తుంటే అడిగిన, "రెండు ఎవరికేసినవ్?" "రెండెందుకు? ఒకటి వేస్తేనే బలం. రెండు వేస్తే మనోనికి నష్టం" అన్నడు. లెక్కల సార్! నీ రెండో ఓటు మొదటోనికి ఎన్నటికీ ఎదురు పోదయ్యా, మొదటోడు పోయినంకనే దాన్ని చూస్తరు అని నక్కలగుట్ట నుంచి ఇంటిదాక చెప్పిన. తల ఊపుకుంట విన్నడు, బడిపిల్లలు విన్నట్లు.

ఆ లెక్క నాలుగు రోజులు లెక్కపెట్టిండ్రు నల్లగొండల. మొదటి ప్రాధాన్యంల టీఆర్ఎస్ పల్లా రాజేశ్వర్ రెడ్డికి లక్షా 10 వేలు, మల్లన్నకు 83 వేలు, కోదండరాం సారుకు 70 వేలు. జయసారథి రెడ్డికి, సుధాకర్‌కు, రుద్రమకు ముగ్గురికి కలిపి ఇంకో 26 వేలు. చెల్లనియే 21 వేలకు పైన, కొందరు టిక్కు పెట్టిండ్రు, కొందరు సంతకాలు చేసిండ్రు. గెలుపుకు లక్షా 83 వేలు దాటాలె. ఒక్కొక్కర్ని తీసేసుకుంట, వాళ్ల రెండో ఓట్లు పంచుకుంట పోయిండ్రు. రాజనీతి శాస్త్రం పాఠాలు చెప్పిన కోదండరాం సార్ మూడో స్థానంల ఆగిపోయిండు, ఆయన కట్టలు విప్పి పంచిండ్రు. చివరికి పల్లాకు లక్షా 61 వేలు, మల్లన్నకు లక్షా 49 వేలు. కోటా ఎవరూ దాటలేదు. యాభై వేలకు పైన కాగితాలు నడుమల్నే సచ్చిపోయినయి, ముందుకు పోయేతందుకు వాటి మీద అంకె లేదు. గెలుపు తేడా 12,806. మీరే లెక్క చూసుకోండ్రి, నేను లెక్కల సారును గాను. పల్లా గెలుపుల తప్పేం లేదు, ఆయన తన ఓట్లు తాను తెచ్చుకున్నడు. ఎదురుంగున్నోళ్లే ఎవరి కట్ట వాళ్లు చంకల పెట్టుకున్నరు.

పల్లా 2023ల జనగామ ఎమ్మెల్యే అయిండు, సీటు ఖాళీ అయింది, మళ్ల ఎన్నికొచ్చింది. 2024 మే 27, రోహిణి ఎండలు. ఈపాలి 52 మంది. మల్లన్న కాంగ్రెస్ టికెట్ మీద నిలబడి గెలిచిండు, అప్పుడు గూడ ఎలిమినేషన్లు అయినంకనే తేలింది. ఆ పొద్దున లెక్కల సారు, నేను మళ్ల ఒకే ఆటోల పోయినం. పోయేటప్పుడు తొవ్వంత మళ్ల చెప్పిన, రెండు వెయ్యి, రెండు వెయ్యి అని. వచ్చేటప్పుడు ఆయన మొఖం వెలిగిపోతుండె.

"నువ్వు చెప్పినట్లే రెండు వేసిన."

"శెబ్బాష్! ఎవరికి?"

"ఒకటి ఎవరికి వేసిన్నో ఆయనకే."

ఒకే పేరు ఎదురుంగ ఒకటీ, రెండూ వేస్తే ఆ కాగితం చెల్లది. చెప్పబోయి ఊకున్న. ఆటో అదాలత్ సర్కిల్ కాడ ఆగింది, ఆయన నాకన్న ముందే దిగి కిరాయి తనే ఇచ్చిండు.