నేను బిగించిన బోల్టులు

నాది 2010లో వచ్చిన పాత మహీంద్రా థార్, సీఆర్‌డీఈ రకం. దానికి ముందువైపు కమాన్లు ఉండవు, కాయిల్ స్ప్రింగులూ ఉండవు. చక్రానికొకటి చొప్పున ఛాసిస్ వెంట రెండు ఉక్కు కడ్డీలుంటాయి. టార్షన్ బార్లంటారు. చక్రం లేచినప్పుడల్లా కడ్డీ మెలితిరుగుతుంది. ఆ మెలి విప్పుకోవాలని చూసే బలమే బండి ముందు బరువును మోస్తుంది. కడ్డీ వెనక కొసన ఒక బోల్టు ఉంటుంది. పానా వేసి దాన్ని బిగిస్తే బండి ముక్కు లేస్తుంది. కొత్త సామాను ఏదీ కొనక్కర్లేదు. నాచారంలో మా ఇంటి ముందు టేపు పట్టుకుని కొలుచుకుంటూ ఒకటిన్నర అంగుళాలు లేపాను. పని అంత తేలిగ్గా అయిపోయేసరికి అందులో ఇంకేమీ లేదని నమ్మాను. నా బుద్ధితక్కువంతా ఆ నమ్మకంలోనే ఉంది.

అసలు లేపాలని ఎందుకనుకున్నాను? ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగింది. స్తంభాల పక్కన మిగిలిన రోడ్డులో వానాకాలమొస్తే ఏది గుంతో ఏది నీటి మడుగో తెలిసేది కాదు. సెలవు దొరికితే రాచకొండ గుట్టల్లోకి పోయేవాణ్ణి. అడుగున రాయి తగిలిన ప్రతిసారీ ఎత్తు చాలడం లేదనుకున్నానే గాని, తగిలింది ఎక్కడో ఒక్కసారీ వంగి చూడలేదు. రాయి తగిలేది వెనక ఇరుసు మధ్యలో ఉన్న డిఫరెన్షియల్ గుండుకి. అది చక్రాల ఇరుసుకే బిగించి ఉండే భాగం. కమాన్ల మీద బాడీని ఎంత లేపినా అది వెంట్రుకవాసి కూడా కదలదు. టైరు పెద్దదైతేనే లేస్తుంది. నేను లేపింది దానికి సంబంధమే లేని చోట.

పైగా, చక్రానికి పైకి లేవడానికి జాగా కావాలి, గుంతలోకి దిగడానికీ కావాలి. బోల్టు బిగించి ఆ దిగే జాగాను నేనే తినేశాను. స్పీడ్ బ్రేకర్ దాటగానే చక్రం కిందికి జారి, దాన్ని పట్టి ఉంచే ఆర్మ్ వెళ్లి స్టాపర్‌కి ఠంగుమని కొట్టుకునేది. బండి గట్టిపడిందని సంతోషించాను. పక్కన కూర్చున్న నాన్న నడుము పట్టుకుని దిగుతుంటే వయసనుకున్నాను. ఆ తప్పును మనసు ఇప్పటికీ క్షమించదు.

ముక్కు ఎత్తుగా, తోక కిందికి కనబడుతోందని వెనక కమాన్లను ఛాసిస్‌కి తగిలించే షాకిళ్లు పొడవువి వేయించాను. షాకిల్ రెండంగుళాలు పెరిగితే బండి లేచేది ఒక అంగుళమే. కాని కమాను వాలు మారుతుంది, దానికి బిగించిన ఇరుసూ తిరుగుతుంది, పినియన్ కోణం తప్పుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు కొసల్లోని క్రాసుల కోణాలు సరిసమానంగా ఉంటేనే షాఫ్ట్ నున్నగా తిరుగుతుంది. వేగం అరవై దాటాక సీటు కిందనుంచి సన్నని వణుకు మొదలైంది. టైర్ల గాలి తనిఖీ చేసి ఊరుకున్నాను.

చివరికి ఉప్పల్‌లో లారీ కమాన్లు కట్టే ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లింది ఎడమ ముందు చక్రం. ఆయన చక్రం ఊడదీయకుండానే రిమ్ము లోపలివైపు వేలు పెట్టి రాసి చూపించాడు. వేలికి నల్లటి గ్రీజు. ముందు చక్రాన్ని తిప్పే ఇరుసు వంపు ఎక్కువైపోయి దాని జాయింటు మీది రబ్బరు తొడుగు మడతలు ఒకదాన్నొకటి రాసుకుని పగిలాయి. పగుల్లోంచి గ్రీజు బయటికి, దుమ్ము లోపలికి. టైరు బయటి అంచు బట్టతల లాగా నున్నగా అయింది. ఎత్తు మార్చిన రోజే అలైన్‌మెంట్ చూపించుకోవాలని నాకు తెలియదు.

తర్వాత షాకిల్ బుష్ బయటికి తీశాడు. రబ్బరు ఒకపక్కకి చీలి ఉంది.

"జాకీ మీద ఉన్నప్పుడే బోల్టులు బిగిచ్చిండ్రా సార్?"

"అవును ఉస్తాద్."

"గట్ల బిగియ్యొద్దు. బండి నేల మీదికి దిగాలె, బరువు పడాలె, అప్పుడు ఆఖరు టైటు."

చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే పట్టుబడిపోతుంది. బండి నేలకి దిగిన క్షణం నుంచి మెలికపడే ఉంటుంది. దాని పైన ప్రతి గుంతా ఇంకో మెలిక. ఇంతటి సంగతి ఒక్క మాట అడిగితే తెలిసేది. వెనక షాకిళ్లు వేసిన కుర్రాణ్ణి, పొద్దుపోతోంది, గాల్లోనే బిగించెయ్యమని తొందరపెట్టింది నేనే.

ఇవన్నీ నా డబ్బుకీ నా బండికీ జరిగిన నష్టాలు. హెడ్‌లైట్ల సంగతి వేరు. ఈ బండి ఇరుసుల మధ్య దూరం 2,430 మిల్లీమీటర్లు. ముందువైపు మాత్రమే 38 మిల్లీమీటర్లు లేపితే, 25 మీటర్ల దూరంలో వెలుగు సుమారు 40 సెంటీమీటర్లు పైకి పోతుంది. డిప్పు కొట్టినా అది డిప్పు కాదు. వెనక కూడా లేపేదాకా నెలల తరబడి మేడిపల్లి దారిలో రాత్రిళ్లు అలాగే తిరిగాను. ఎదురుగా బైకుల మీద వచ్చేవాళ్లు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లు. డిప్పులోనే ఉందిగా అనుకుని ముందుకు పోయాను. ఆ గుంతల్లో కళ్లు చెదిరి ఎవరైనా పడి ఉంటే నాకు తెలిసేది కూడా కాదు. రాసుకుంటూ ఉంటే ఇప్పుడు కూడా చెయ్యి ఆగుతోంది.

రిజిస్ట్రేషన్ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. ఉప్పల్ ఆర్టీఏ ఆఫీసు మా దారిలోనే ఉన్నా లోపలికెళ్లి అడగాలన్న ఆలోచనే రాలేదు.

బోల్టులు వెనక్కి తిప్పించి కంపెనీ ఎత్తుకి దింపాను. పాత షాకిళ్లు మళ్లీ ఎక్కాయి. బుష్‌లన్నీ కొత్తవి, ఆఖరు బిగింపు నేల మీదే, అలైన్‌మెంట్ ఆ రోజే. హెడ్‌లైట్లు గోడకెదురుగా పెట్టి సరిచేశాం. ముందు షాకప్‌లలో ఒకటి కారుతోంది, రెండూ మార్చాలి. మార్చాక నాన్నని ఎక్కించుకుని నారపల్లి దాకా వెళ్లొస్తాను. నడుము సంగతి ఆయన్నే అడుగుతాను.