ఒక లాగ్‌బుక్కు ఆత్మకథ

ఈ ఆత్మకథ చెప్పుకుంటున్నది గుంటూరులో స్వతంత్రంగా వృత్తి సాగించే ఒక సివిల్ ఇంజనీరు కారులో, డాష్‌బోర్డు అరలో 2023-24 ఆర్థిక సంవత్సరమంతా గడిపిన లాగ్‌బుక్కు, అంటే ప్రతి ప్రయాణానికీ తేదీ, మీటరు అంకెలు, వెళ్లిన చోటు, వెళ్లిన పని రాసి ఉంచే పుస్తకం. వృత్తిదారులు ఉంచవలసిన పుస్తకాలను పేర్కొనే ఆదాయపు పన్ను నియమం 6ఎఫ్ నగదు పుస్తకాన్నీ, లెడ్జరునూ, బిల్లుల నకళ్లనూ చెప్పిందే గాని దీని ఊసెత్తలేదు; ఆ అవమానాన్ని ఈ పుస్తకం ఇంకా మరచిపోలేదు.

దీని అవసరం 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని రెండు సెక్షన్ల నడుమ పుట్టింది. వృత్తి కోసమే పూర్తిగా వెచ్చించిన సొమ్మును, అది సొంత ఖర్చూ మూలధన వ్యయమూ కానప్పుడు, ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చని 37(1) చెబుతుండగా, వాహనాన్ని సొంత పనులకూ వాడినవారికి మరమ్మతులు, బీమా, తరుగుదలలో వృత్తికి న్యాయంగా చెందే వాటానే అనుమతించాలని 38(2) చెబుతుంది. ఆ వాటాను నమ్మకంగా తేల్చగలిగేవి కిలోమీటర్లే. ఉదయం తెనాలిలో పునాది తనిఖీకీ, సాయంత్రం బంధువుల పెళ్లికీ కారు ఒకే ట్యాంకు పెట్రోలుతో వెళ్లినప్పుడు, బంకు రసీదు ఎంత పోశారో చెబుతుంది గాని ఎందుకు తిరిగారో చెప్పదు, పైగా ఆ కాగితం మీది అక్షరాలు కొన్నాళ్లకే వెలిసిపోతాయి. లాగ్‌బుక్కు లేనిచోట అధికారి అంచనా మీద పదోవంతో ఐదోవంతో కోసివేయడం, ఆ తగవు ట్రిబ్యునలు దాకా పోవడం పన్ను వ్యవహారాల్లో పరిపాటి.

తరుగుదల అంటే ఆస్తి ఏటా అరిగే మేరకు చట్టం ఇచ్చే మినహాయింపు. అది మామూలు కారుకు 15 శాతం, బాడుగకు తిప్పే వాహనానికి 30 శాతం కాగా, కొన్న ఏడాది 180 రోజుల లోపే వాడితే అందులో సగమే లభిస్తుంది. 8 లక్షల కారు తిరుగుడులో ఐదింట నాలుగు వంతులు వృత్తివని ఈ పుటలు చూపితే, రూ.1,20,000లో రూ.96,000 దక్కుతుంది. ఒకే వ్యక్తికి ఒకే రోజు రూ.10,000 మించి నగదుగా ఇచ్చిన మరమ్మతు ఖర్చు మాత్రం దక్కదు, ట్రాఫిక్ జరిమానా అసలే దక్కదు.

ఈ పుస్తకానికి నిజమైన శత్రువు సెక్షన్ 44ఎడిఎ. దాని కింద, రాబడి రూ.50 లక్షలు, నగదు వసూళ్లు 5 శాతానికి మించకపోతే రూ.75 లక్షలు, దాటని వృత్తిదారు అందులో కనీసం సగాన్ని ఆదాయంగా ఒప్పుకుంటే లెక్కల పుస్తకాలు అక్కరలేదు. ఖర్చులన్నీ మిగిలిన సగంలోనే కలిసిపోయినట్టు భావిస్తారు కనుక కారు ఖర్చును వేరుగా అడగడానికీ వీలుండదు. ఖర్చు తక్కువగా ఉండే సలహాదారుకు ఇది వరమే, కాని జీతాలూ కారూ కలిసి సగం దాటే ఇంజనీరుకు నష్టం. పన్ను పడేంత ఆదాయం ఉండి సగం కంటే తక్కువ చూపదలచినవారికి పుస్తకాలూ ఆడిటూ తప్పవు. ఈ యజమాని ఆ దారినే ఎంచుకున్నాడు.

2026 ఏప్రిల్ 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చినా 2023-24 లెక్క పాత చట్టం కిందిదే. ఖాతా పుస్తకాలను, ఆర్థిక సంవత్సరం వెంటనే వచ్చే మదింపు సంవత్సరం ముగిశాక ఆరేళ్లు భద్రపరచాలి గనుక, వాటికి ఆధారమైన ఈ లాగ్‌బుక్కును కూడా 2031 మార్చి 31 వరకు పారవేయకూడదు.