గొంతు అద్దెకు దొరుకుతుంది

ఆరున్నరేళ్లపాటు ఆగకుండా ఆడిన నాటకాన్ని సినిమా తియ్యాలనుకున్న నిర్మాత ముందుగా చెయ్యాల్సిన పని ఒకటుంది. ఆ నాటకానికి పేరు తెచ్చిన అమ్మాయికి ఒక నమస్కారం పెట్టి ఇంటికి పంపించెయ్యాలి. తర్వాత, ఆవిడ పాడినట్టు పాడలేని ఇంకో అమ్మాయిని పిలిచి పది లక్షల డాలర్లు చేతిలో పెట్టాలి. ఆ పైన ఈ రెండో అమ్మాయి పెదాలకి సరిపోయేలా పాడిపెట్టే మూడో అమ్మాయిని వెతుక్కోవాలి. మూడో అమ్మాయి పేరు మాత్రం టైటిల్స్‌లో వెయ్యకూడదు. వేస్తే, మొదటి అమ్మాయిని ఎందుకు పంపించేశారని ఎవడో ఒకడు అడుగుతాడు.

ఇదేదో కృష్ణానగర్ టీకొట్టు దగ్గర అల్లిన కథ అనుకోకండి. వార్నర్ బ్రదర్స్ అధిపతి జాక్ వార్నర్ ఈ పద్ధతిలోనే ఓ సినిమా తీసి, ఎనిమిది ఆస్కార్లు పట్టుకెళ్లాడు.

నాటకం పేరు ‘మై ఫెయిర్ లేడీ’. బెర్నార్డ్ షా ‘పిగ్మేలియన్’కి పాటలు కట్టి 1956 మార్చిలో న్యూయార్క్ బ్రాడ్‌వేలో మొదలుపెడితే, 2,717 ప్రదర్శనలు ఆడింది. వీధిలో పూలమ్ముకునే ఎలైజాకి ఆర్నెల్లలో దొరసాని మాటతీరు నేర్పిస్తానని ప్రొఫెసర్ హిగ్గిన్స్ పందెం కాయడం కథ. ఎలైజా వేషం ఇరవై ఏళ్ల జూలీ ఆండ్రూస్‌ది, ప్రొఫెసర్ వేషం రెక్స్ హారిసన్‌ది. సినిమా హక్కులకి వార్నర్ 55 లక్షల డాలర్లు పోశాడు. అప్పటిదాకా ఏ నాటకానికీ ఎవరూ అంత ఇచ్చింది లేదు.

అంత డబ్బు పోశాక ఏ నిర్మాతకైనా రాత్రి నిద్ర పట్టదు. నిద్ర పట్టని నిర్మాతకి తెలిసిన మొహాలే దేవుళ్లలా కనపడతాయి. జూలీ ఆండ్రూస్ న్యూయార్క్‌లో, లండన్‌లో మహారాణే కావచ్చు. మారుమూల ఊళ్లో థియేటర్ నడుపుకునేవాడికి ఆవిడ ఎవరో తెలీదు. ఆడ్రీ హెప్‌బర్న్ అంటే మాత్రం పోస్టర్ మీద కళ్లు చూసి టిక్కెట్టు కొంటారు. బయ్యర్లు అడ్వాన్సులిచ్చేది గొంతుకి కాదు కదా. లెక్క సరిపోయింది.

నిజానికి వార్నర్ అందర్నీ మార్చేద్దామనే చూశాడు. ప్రొఫెసర్ వేషానికి కేరీ గ్రాంట్‌ని అడిగాడు. నేను వెయ్యకపోవడం సరే, హారిసన్ లేకపోతే ఆ సినిమా చూడ్డానికి కూడా రానని గ్రాంట్ అన్నాడని హాలీవుడ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎలైజా తండ్రి వేషానికి అడిగితే జేమ్స్ కాగ్నీ కూడా వద్దన్నాడు. అలా నాటకంలోని మగవాళ్లు ఇద్దరూ సినిమాలో మిగిలిపోయారు. జూలీ తరఫున అడ్డంగా నిలబడ్డ కేరీ గ్రాంట్ ఎవరూ లేకపోయారు. హెప్‌బర్న్‌కి కూడా ఆ వేషం జూలీదేనన్న మొహమాటం ఉండేదట. తను కాదంటే అది ఎలిజబెత్ టేలర్ దగ్గరికి వెళుతుందని తెలిశాక మొహమాటం సర్దుకుంది. ఆవిణ్ని తప్పుపట్టలేం. ఎవరో ఒకరికి ఎలాగూ పోయే వేషం మనకే వస్తే బాగుండనుకోని నటి ఉంటుందా?

ఇప్పుడు సెట్టు మీద పరిస్థితి చూడండి. హీరో రెక్స్ హారిసన్‌కి పాడటం రాదు. వచ్చినట్టు ఆయన కూడా ఎప్పుడూ చెప్పుకోలేదు. పాటని మాటలా, తాళం తప్పకుండా అప్పజెబుతాడు. ఒకసారి చెప్పినట్టు ఇంకోసారి చెప్పడు కాబట్టి ముందే రికార్డు చేసిన పాటకి పెదాలు కదపడం తన వల్ల కాదన్నాడు. సరేనని ఆయన టైలో చిన్న వైర్‌లెస్ మైకు దాచిపెట్టి, సెట్లోనే పాట రికార్డు చేశారు. ఆ సినిమాకి శబ్దగ్రహణానికి కూడా ఆస్కార్ వచ్చింది. హెప్‌బర్న్ సంగతి వేరు. ఆవిడ మాస్టార్ని పెట్టుకుని నెలల తరబడి సాధన చేసింది, స్టూడియోకెళ్లి పాడింది కూడా. వాటిలో ముక్కలు కొన్ని మాత్రం ఉంచి, మిగతాదంతా మార్నీ నిక్సన్ అనే గాయనితో పాడించారు. అంటే, పాడటం రానివాడి గొంతు పోకుండా మెడలో మైకు కట్టారు. నేర్చుకుని పాడినావిడ గొంతు తీసి అవతల పెట్టారు. కథలో ఎలైజాకి హిగ్గిన్స్ చేసిన పని తెరవెనక వార్నర్ హెప్‌బర్న్‌కి చేశాడు. పాపం ఆర్నెల్ల గడువు కూడా ఇవ్వలేదు.

ఈ మార్నీ నిక్సన్‌కి గుడి కట్టాలి. కట్టినా లోపల విగ్రహం పెట్టరనుకోండి. 1956లో ‘ది కింగ్ అండ్ ఐ’లో డెబొరా కెర్‌కి పాడింది. బయటికి చెబితే ఊళ్లో ఇంకెక్కడా పని దొరక్కుండా చేస్తామని స్టూడియో వాళ్లు బెదిరించారని తర్వాత ఆవిడే చెప్పుకుంది. డెబొరా కెర్ మంచి మనిషి కాబట్టి ఆ రహస్యాన్ని తనే బయటపెట్టింది. 1961లో ‘వెస్ట్ సైడ్ స్టోరీ’కి ఇంకో చిత్రం జరిగింది. హీరోయిన్ నటాలీ వుడ్ పాటలన్నీ తనే పాడేసి, సినిమాలో తన గొంతే ఉంటుందని సంబరపడింది. షూటింగ్ అంతా అయ్యాక, అమ్మా నీది కాదు నిక్సన్‌ది పెట్టామన్నారు. అదే సినిమాలో ఐదు గొంతుల పాట ఒకటుంది. అందులో రీటా మొరేనోకి పాడాల్సిన గాయనికి ఒంట్లో బాగాలేకపోతే ఆ ముక్క కూడా నిక్సనే పాడేసింది. ఒకే పాటలో ఇద్దరు హీరోయిన్లు, రెండు మొహాలు, ఒకటే గొంతు. టైటిల్స్‌లో వెతికితే ఆ గొంతు పేరు లేదు. రికార్డు అమ్మకాల్లో వాటా అడిగితే స్టూడియో కుదరదంది. ఆఖరికి సంగీత దర్శకుడు లెనార్డ్ బెర్న్‌స్టైన్ తన వాటాలోంచి పావు శాతం తీసి ఇచ్చాడు.

మనవాళ్లకి ఈ గొడవంతా వింతగా ఉంటుంది. ‘మాయాబజార్’లో వెన్నెల పడవ పాటలో జంటలు మారుతుంటాయి, గొంతులు మాత్రం ఘంటసాల, పి. లీలవే. అభిమన్యుడి గొంతు కృష్ణుడికెలా వచ్చిందని 1957 నుంచి ఈనాటి వరకు ఒక్క ప్రేక్షకుడూ అడగలేదు. అడగడు, ఎందుకంటే ఘంటసాల పేరు టైటిల్స్‌లో ఉంది, రేడియోలో చెప్పారు, రికార్డు మీద అచ్చేశారు. దాచకపోతే దొంగతనం అవదు. అలాగని మన చరిత్ర కూడా పులుకడిగిన ముత్యమేం కాదు. మన పద్యనాటకాన్ని మించిన మ్యూజికల్ బ్రాడ్‌వేలో కూడా లేదు. హార్మోనియం ముందు నిలబడి రాగం తీస్తే ‘వన్స్‌మోర్’ అని పందిరి ఊగిపోయేది, చచ్చిపోయిన పాత్ర లేచి మళ్లీ పద్యం పాడి చచ్చిపోయేది. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ సురభి నాటక సమాజం వాళ్లని పెట్టుకుని తీసిందే. ఆ రోజుల్లో పద్యం ఎత్తుకోలేనివాడికి వేషం లేదు. ప్లేబ్యాక్ వచ్చాక పద్యం వచ్చినవాడికి వేషం లేకుండా పోయింది. ఇప్పుడు పాట దాకా ఎందుకు, మాటకే మనిషిని అద్దెకు తెస్తున్నాం. తెలుగులో ‘అన్నం తిన్నావా’ అనడం రాని హీరోయిన్‌కి తెలుగు డబ్బింగ్ ఆర్టిస్టు, అచ్చంగా తెలుగు వచ్చిన అమ్మాయికి చెల్లెలి వేషం.

మళ్లీ వార్నర్ దగ్గరికి వద్దాం, ఆయన కథ ఇంకా అవలేదు. వేషం పోయిన జూలీని వాల్ట్ డిస్నీ పిలిచాడు. ఆవిడ గర్భవతి అంటే, బిడ్డ పుట్టేదాకా ఆగాడు. అలా 1964లో వచ్చింది ‘మేరీ పాపిన్స్’. అదే ఏడు ‘మై ఫెయిర్ లేడీ’ కూడా వచ్చింది. 1965 ఆస్కార్లలో వార్నర్ సినిమాకి పన్నెండు నామినేషన్లు, ఎనిమిది బహుమతులు. పది లక్షల డాలర్ల హీరోయిన్‌కి మాత్రం నామినేషన్ కూడా రాలేదు. ఉత్తమ నటి ఎవరయ్యా అంటే జూలీ ఆండ్రూస్. అంతకు ముందే గోల్డెన్ గ్లోబ్ వేదికెక్కి, ఇదంతా సాధ్యం చేసినందుకు జాక్ వార్నర్‌కి కృతజ్ఞతలు చెప్పింది మహాతల్లి. నవ్వుతూ అంత లోతుగా దింపడం మా వైపు మేనత్తలకి మాత్రమే తెలిసిన విద్య అనుకునేవాణ్ని.

ఇంత జరిగాక ఎవరైనా మారతారు. మూడేళ్ల తర్వాత వార్నర్ ఇంకో బ్రాడ్‌వే నాటకాన్ని సినిమా తీశాడు, ‘కేమెలాట్’. రంగస్థలం మీద అందులో రాణి వేషం ఎవరిదనుకున్నారు? జూలీ ఆండ్రూస్‌ది. రాజు రిచర్డ్ బర్టన్. ఈసారికి ఇద్దరూ తెర మీద కూడా పెద్ద పేర్లే, తెలియని మొహమన్న సాకు కూడా లేదు. సినిమాలో రాణి వనెస్సా రెడ్‌గ్రేవ్, రాజు రిచర్డ్ హారిస్. మూడో ముఖ్యపాత్ర వేసిన ఫ్రాంకో నీరోకి పాటలు వేరే ఆయన పాడాడు. పట్టుదల అంటే అదీ.

ఇంతవరకు నిర్మాతల్ని తిట్టాం కదా, ఇక ప్రేక్షకుల సంగతి. గొంతు అరువు తెస్తే మోసమన్నాం. యాభై ఏళ్లు అన్నాక హాలీవుడ్ వాళ్లకి రోషం వచ్చి, నటులే పాడతారు పొమ్మన్నారు. 2008లో ‘మమ్మా మియా’లో పియర్స్ బ్రాస్నన్ స్వయంగా పాడాడు. జేమ్స్‌బాండ్‌గా ఎందర్ని చంపినా అనని జనం, నాలుగు పాటలకే చెవులు మూసుకున్నారు. చెత్త నటనకిచ్చే ‘రాజ్జీ’ బహుమతి కూడా ఇచ్చారు. సినిమా అరవై కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది కనుక ఆయన బాధపడి ఉండడు. 2012లో ‘లే మిజరాబ్ల్’ వాళ్లు ఇంకో అడుగు వేసి, సెట్లో కెమెరా ముందే నటుల చేత పాడించారు. ఆన్ హాథవే పాడితే ఆస్కార్ ఇచ్చారు. రసెల్ క్రో పాడితే, అయ్యో మార్నీ నిక్సన్ లేకపోయిందే అనుకున్నారు. పైకి అనలేదు, అంతే.

సరే, నాటకంలో వేసినవాణ్నే సినిమాలో పెడితే గొడవ ఉండదుగా అంటారా? 2021లో ‘డియర్ ఎవాన్ హాన్సెన్’కి సరిగ్గా అదే చేశారు. బ్రాడ్‌వేలో ఆ వేషానికి టోనీ అవార్డు తెచ్చుకున్న బెన్ ప్లాట్‌నే తీసుకున్నారు. పాడింది కూడా అతనే. అయితే పాత్ర హైస్కూలు కుర్రాడు, నటుడికి షూటింగ్ నాటికి ఇరవయ్యేడు. నాటకంలో ఇరవయ్యో వరసలోంచి చూస్తే కనపడని వయసు, క్లోజప్‌లో ప్రతి రంధ్రంలోంచీ తొంగిచూసింది. పైగా నిర్మాతల్లో ఒకరు అతని తండ్రి మార్క్ ప్లాట్. ఇక చెప్పాలా! వారసత్వమన్నారు, బడిలో కూర్చున్న మేనమామలా ఉన్నాడన్నారు. 1978లో ‘గ్రీజ్’లో ముప్ఫై మూడేళ్ల స్టాకార్డ్ చానింగ్ హైస్కూలు పిల్లగా వేస్తే ఇదే జనం ఈల వేసి చూశారు. మన దగ్గర షష్టిపూర్తికి ముహూర్తం వెతుక్కునే హీరో ఒక్క నోటుపుస్తకం పట్టుకుని కాలేజీకి వెళ్లినా హాజరు వేసేశాం. ఆ అబ్బాయి తెలుగులో పుట్టుంటే ఇంకో పాతికేళ్లు చదువుకునేవాడు.

‘క్యాట్స్’ నాటకాన్ని సినిమా తీసిన సంగతి ఎక్కువ చెప్పను. నటులకి కంప్యూటర్లో పిల్లి బొచ్చు అంటించారు, ఒక పిల్లి చెయ్యి మనిషి చెయ్యిలాగే, వేలికి ఉంగరంతో సహా మిగిలిపోయింది. విడుదలయ్యాక సరిదిద్ది థియేటర్లకి కొత్త కాపీలు పంపారు. ఆ ఉంగరం జూడీ డెంచ్‌ది. 1981లో అసలు నాటకం రిహార్సల్స్‌లో కాలి నరం తెగి వేషం వదులుకున్నావిడ ఆవిడే. ముప్ఫై ఎనిమిదేళ్లు ఆగి వేసిన పిల్లి వేషం ఇలా అయింది.

ఇప్పుడు కొత్త మర్యాద ఒకటి వచ్చింది. వేషం ఎలాగూ ఇవ్వం, మొహం మాత్రం ఒక్కసారి చూపిస్తాం. మన పెళ్లిళ్లలో పాత జమీందారుగారిని పిలిచి ముందు వరసలో కుర్చీ వేసినట్టు. 1975 నాటి బ్రాడ్‌వే ‘షికాగో’లో నాయిక చీటా రివెరాకి 2002 సినిమాలో ఒక్క నిమిషం వేషం. ‘వికెడ్’ నాటకాన్ని మోసిన ఇడీనా మెన్‌జెల్, క్రిస్టిన్ చెనోవెత్ 2024 సినిమాలో వచ్చి కాస్సేపు పాడి, కొత్త నాయికలకి దారిచ్చి వెళ్లారు. అందరిలోకీ నాకు నచ్చింది మాత్రం కోమ్ విల్కిన్సన్ ఏర్పాటే. 1985లో లండన్‌లో ‘లే మిజరాబ్ల్’ మొదలైనప్పుడు జీన్ వాల్జీన్ ఆయనే. 2012 సినిమాలో ఆ వేషం హ్యూ జాక్‌మన్‌కి వెళ్లింది. విల్కిన్సన్‌ని పిలిచి బిషప్ వేషం ఇచ్చారు. ఆ బిషప్ ఇంట్లో వాల్జీన్ వెండి సామాను దొంగిలిస్తాడు, పోలీసులు పట్టుకొస్తారు. బిషప్ కోపగించుకోడు సరికదా, ఇవి మర్చిపోయావు నాయనా అని వెండి కొవ్వొత్తి స్తంభాలు కూడా చేతిలో పెట్టి పంపిస్తాడు. విల్కిన్సన్ ఆ పనంతా తూచా తప్పకుండా, పాడుతూ చేశాడు. కథలో అయితే ఆ దొంగ తర్వాత బాగుపడ్డాడు.