మూడో తరగతిలో చేరిన ఫోన్

నేనొక పాత స్మార్ట్‌ఫోన్‌ని. 2015లో ఫోన్ల తయారీ మొదలైన శ్రీసిటీలో, ఇప్పటి తిరుపతి జిల్లాలో పుట్టాను. అక్కడి ఆడపిల్లల చేతుల మీదుగా నా కెమెరా, తెర, బ్యాటరీ ఒక్కొక్కటే బిగుసుకున్నాయి. ఆ తర్వాత విజయనగరం దగ్గర ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచరమ్మ చేతికి వచ్చాను.

చాలాకాలం నా పని హాజరు వేయడం, మధ్యాహ్న భోజనం ఫొటోలు పంపడం, పాఠాల వీడియోలు చూపించడం. వీడియో పెడితే పిల్లలు కళ్లార్పకుండా చూసేవారు. అయిపోయాక టీచరమ్మ ‘గింజలోంచి ముందు ఏం బయటికొస్తుంది?’ అని అడిగితే మాత్రం ‘ఆకు’ అనే గొంతులే ఎక్కువ. బొమ్మలు గబగబా దాటిపోయేవి. ఆగి చూసుకునే వ్యవధి వాళ్లకు దొరికేది కాదు.

టీచరమ్మ కొత్త ఫోన్ కొనుక్కున్నాక నన్ను మూడో తరగతికి ఇచ్చేశారు. స్టాప్ మోషన్ వీడియోలు చేసే చిన్న యాప్ ఒకటి నాలో వేశారు. ఒకసారి వేసుకుంటే దానికి నెట్ కూడా అక్కర్లేదు. బటన్ నొక్కితే ఒక ఫొటో పడుతుంది. ముందు తీసిన ఫొటో తెర మీద లీలగా కనిపిస్తూ ఉంటుంది కాబట్టి, ఇప్పటికి ఏం మారిందో పిల్లలకు ఇట్టే తెలుస్తుంది. ఫొటోలన్నీ వరసగా నడిపిస్తే అదే సినిమా. 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ తీసిన దాదాసాహెబ్ ఫాల్కే కూడా, అంతకుముందు బఠానీ గింజ మొలకెత్తి మొక్కయ్యే తీరును కొద్దికొద్దిగా చిత్రీకరించి చిన్న సినిమా చేశారు. ‘రాజా హరిశ్చంద్ర’కు పెట్టుబడి పెట్టేవాళ్లను ఒప్పించింది ఆ మొక్కే.

మా వాళ్లు పెసలు ఎంచుకున్నారు. గాజు గ్లాసులో తడి దూది పెట్టి, గాజుకు ఆనించి గింజలు ఉంచారు. నన్ను రెండు ఇటుకల మధ్య నిలబెట్టి, కదలకుండా చుట్టూ సుద్దగీత గీశారు. ఒకరు బటన్ నొక్కాలి, ఒకరు నీళ్లు చిలకరించాలి, ఒకరు లెక్క రాయాలి, ఒకరు కథ చెప్పాలి. ‘ఒరేయ్, చెయ్యి తియ్యరా, ఫొటోలో పడిపోతంది!’ అని రోజూ గోలే.

గింజ ఉబ్బింది, తోలు చిట్లింది, తెల్లని మొన ఒకటి తొంగిచూసి కిందికి వంగింది. ‘టీచర్, ఏరు ముందొచ్చింది, ఆకు కాదు!’ అని లెక్క రాసే పిల్లవాడు అరిచాడు. తర్వాత కాడ మెడ వంచుకుని పైకి లేచి, నిటారై, రెండు పప్పుబద్దలనూ వెంట మోసుకొచ్చింది.

అప్పుడు లెక్కలు మొదలయ్యాయి. నలభై ఫొటోలు, సెకనుకు ఎనిమిది చొప్పున వేస్తే ఐదు సెకన్లే. ‘ఇంత కష్టపడితే ఐదేనా!’ అని పిల్లలు డీలాపడ్డారు. సెకనుకు నాలుగు చేద్దామని వాళ్లే తేల్చారు. పది సెకన్లు వచ్చింది. పలకమీద బరువుగా తోచే భాగహారం ఆ పూట వాళ్లకు అవసరమైన పనిముట్టయింది.

కథ చెప్పే పని, తరగతిలో నోరు విప్పని పాపకు వచ్చింది. ‘నీ మాటలోనే చెప్పు తల్లీ’ అన్నారు టీచరమ్మ. ‘ఏరు ముందు కిందకెల్తాది’ అని మెల్లగా మొదలుపెట్టింది. విని, గొంతు చాల్లేదని చెరిపేసి, మళ్లీ చెప్పింది. తప్పు పట్టేవాళ్లు లేరు, తొందరపెట్టేవాళ్లూ లేరు. తన గొంతు తనకు నచ్చేదాకా చెప్పుకుంది. ఏం చూసిందో, ఏది ముందో, ఏది తర్వాతో పొల్లుపోకుండా ఆ పిల్ల నోటే వచ్చింది. ఏ పరీక్ష పేపరూ అంత స్పష్టంగా ఆమె తెలివిని టీచరమ్మకు చూపించి ఉండదు.

మా వీడియోల్లో పిల్లల ముఖాలు ఉండవు. చేతులు, గింజలు, గొంతులు చాలు. వాటిని ఊరంతా పంచే పని లేదు, తల్లిదండ్రుల సమావేశంలో చూపిస్తే సరిపోతుంది.

టీచర్లకు నా మనవి ఒక్కటే. పాఠం చూపించడానికి నన్ను వాడుకోండి, కాదనను. కానీ వారంలో ఒక్క పీరియడైనా నన్ను పిల్లల చేతికివ్వండి. ఖరీదైన యాప్ వద్దు, హంగులు వద్దు. ఫొటో తీయడం, వరస మార్చడం, గొంతు కలపడం వస్తే చాలు. వీడియో ఎంత బాగా కుదిరిందన్నది తర్వాతి సంగతి. దాన్ని తీయడానికి వాళ్లు ఎన్నిసార్లు వంగి చూశారో, ఎంత వాదించుకున్నారో గమనించండి. చదువు జరిగింది అక్కడే.