దొంగ అర

కోనసీమలో ఇల్లు అమ్మేశాక తాతయ్య భోషాణం అన్నయ్య వాటాకొచ్చింది. హైదరాబాద్ ఫ్లాట్‌లో దానికి చోటెక్కడ? వదిన వంటిల్లు చూపించింది. వడ్రంగిని పిలిపించి, అడుగున నాలుగు కాళ్లు వేయించి, పొయ్యిగట్టు ఎత్తుకి లేపించింది. మూత మీద గ్రానైట్ పరుద్దామని అన్నయ్య అంటే ససేమిరా అంది. నాకదే నచ్చింది. అంత చేవగల టేకుని రాతికింద పాతిపెట్టడమేమిటి! లక్క పాలిష్ మీద వేడి గిన్నె పెడితే తెల్లమచ్చ పడుతుందని, పాతదంతా గీకించి అవిసె నూనె పట్టించింది. లోపల బియ్యం బస్తా, పప్పుల డబ్బాలు. మూత మీద కూరలు తరుక్కోవడం, చపాతీలు ఒత్తుకోవడం. ముట్టుకుంటే అరచేతికి చల్లగా, నున్నగా తగిలేది.

గీకేటప్పుడే వడ్రంగి అన్నాడు, "ఇది నీళ్లలో నానిన సరుకండీ" అని. అడుగునుంచి మూరెడు ఎత్తున, చుట్టూతా నల్లటి చార. ఎంత రుద్దినా పోలేదు.

"ఎనభై ఆరు వరద!" అన్నాడు అన్నయ్య. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన గోదావరి. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ ఆ చార చూపించి కథ చెప్పేవాడు. లంకల్లోవాళ్లకి ఆ నాలుగు రోజులూ మా సావిడే దిక్కట. ఎత్తరుగుల ఇల్లు కావడంతో నీళ్లు మూడో మెట్టు దగ్గరే ఆగిపోయాయట.

మొన్న కొత్త వంటమనిషి చేరింది. యాభై ఏళ్లుంటాయి, మా వైపు యాస. "జాగ్రత్తమ్మా, ఇది మావారి తాతగారిది" అని వదిన చెబుతూనే ఉంది, ఆవిడ మూత ఎత్తి, చెయ్యి లోపలికి పోనిచ్చి, కుడి మూల చెక్కని బొటనవేలితో నొక్కి పక్కకి జరిపింది. అరచేతి వెడల్పు అర ఒకటి బయటికొచ్చింది. దుమ్ములో ఐదు గవ్వలు.

"దొంగ అరా! మాకే తెలీదే, నీకెలా తెలుసు?" అంది వదిన.

"గవ్వలు నాయేనండి. వరదొచ్చిన రాత్రి మా అమ్మ నన్ను దీని మీదే కూకోబెట్టిందండి. నీళ్లు తీసేతలికి పొలమంతా ఇసక మేటేసేసింది. రెండు బస్తాల ధాన్యానికి మా నాన్న దీన్ని తాతగారి దగ్గర కుదవెట్టాడండి."

"మరి విడిపించుకోలేదా?" అన్నాడు అన్నయ్య.

"డబ్బట్టుకునే వెళ్లాడండి. వడ్డీకే చాల్లేదన్నారంట."