సీడ్ ఫండ్ రావాలంటే: ఊరి మంచీచెడ్డా అడక్కుండా పైలట్ ప్రాజెక్టు చేసే చిట్కాలు

ఆరోగ్య రంగంలో కొత్త ఆలోచన ఉన్నవాళ్లకి మన దేశంలో డబ్బుకి కొదవ లేదు. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖ 2012లో పెట్టిన బైరాక్ సంస్థ ‘బిగ్’ పథకం కింద 50 లక్షల దాకా ఇస్తుంది. గడువు 18 నెలలు. అప్పు కాదు, గ్రాంటు. 2021లో మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో నమూనా తయారీకి, ట్రయల్స్‌కి 20 లక్షల దాకా గ్రాంటు పెట్టారు. హైదరాబాద్‌లో ఐకేపీ నాలెడ్జ్ పార్క్ లాంటి ఇంక్యుబేటర్లు దరఖాస్తు దగ్గర్నుంచి వెంట ఉండి నడిపిస్తాయి. ఇంత సొమ్మూ ఊళ్లు తిరిగి, నర్సుల పక్కన కూర్చుని పని నేర్చుకున్నవాళ్లకే పోతోంది. కష్టపడటం ఇష్టం లేనివాళ్ల బాగు ఎవరూ చూడటం లేదు. నాకది చాలా అన్యాయంగా తోచింది. కింద చెప్పినవి వరసగా చేయండి. ఒక్కటీ వదలొద్దు.

1. పేరున్న జబ్బును పట్టండి.

మీ వీధిలో జనం దేనితో బాధపడుతున్నారో కనుక్కుంటూ కూర్చోవద్దు. పేపర్లో పడిన జబ్బు తీసుకోండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ జబ్బు అన్నిటికన్నా మేలు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు అని మొదటి పేరాలోనే మండలాల పేర్లు గుచ్చండి. కొబ్బరి, జీడి తోటల మాట ఒకటి కలపండి. మీరు అక్కడే పుట్టి పెరిగినట్టు ఉంటుంది. పైగా ఆ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నీళ్లలో సిలికా అన్నారు, భారలోహాలు అన్నారు, పురుగుమందులు అన్నారు, ఎండలో ఒళ్లు హూనమయ్యే పని అన్నారు, నొప్పి బిళ్లలు అన్నారు. నిపుణులు తేల్చలేదు కాబట్టి మీరు తేల్చేయండి. ‘కారణం కనుక్కున్నాం’ అని లావు అక్షరాల్లో రాయండి.

అక్కడ ఇప్పటికే ఏం జరుగుతోందో మాత్రం చదవకండి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. హిరమండలం నుంచి పైపుల్లో మంచినీళ్లు తెచ్చారు. ఇవన్నీ తెలిస్తే ‘ఇంతవరకూ ఈ ప్రజలను పట్టించుకున్న నాథుడు లేడు’ అని రాయడానికి చెయ్యి రాదు. ఆ వాక్యం లేని దరఖాస్తుకు అందం లేదు. కమిటీలో ఉద్దానంలో పనిచేసిన కిడ్నీ డాక్టరుగారు కూర్చుని ఉంటే మరీ మంచిది. ఆయన కళ్లలోకి చూస్తూ ఆ వాక్యం గట్టిగా చదవండి.

2. పరికరం తయారు చేయకండి, కొనండి.

కిడ్నీలు చెడితే రక్తంలో పెరిగే క్రియాటినిన్‌ని ఒక్క రక్తపు చుక్కతో చెప్పే చేతి మీటర్లు బజార్లో దొరుకుతాయి. ఒకటి తెప్పించి, కంపెనీ స్టిక్కర్ గోరువెచ్చటి నీళ్లతో ఊడదీసి, మీ కంపెనీ పేరు అంటించండి. స్టిక్కర్ కాస్త పెద్దది చేయించండి, లేదంటే కింద పాత పేరు అచ్చు కనబడుతుంది. ‘ఇందులో కొత్తదనం ఏమిటి?’ అన్న గడిలో ‘ఏఐ’ అని రాసి ఊరుకోండి.

3. చివరి రాత్రి పదకొండున్నరకి మొదలుపెట్టండి.

బిగ్ దరఖాస్తులకు పిలుపు ఏళ్లుగా జనవరి 1న ఒకసారి, జూలై 1న ఒకసారి వస్తోంది. ముందుగా మొదలుపెడితే ఇంక్యుబేటర్ వాళ్లకి చూపించాలనిపిస్తుంది. వాళ్లు ప్రశ్నలు వేస్తారు, మీరు మళ్లీ రాయాలి. ఇదంతా వృథా. చివరి రాత్రి దేశమంతా ఒక్కసారే పోర్టల్ మీద పడుతుంది కాబట్టి అది ఆగిపోతుంది. గుండ్రంగా తిరిగే చక్రాన్ని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. మరో ఆరు నెలల పాటు ఇంట్లో ఎవరడిగినా చూపించడానికి ఇంతకన్నా గట్టి సాకు దొరకదు.

4. స్నేహితుడి దరఖాస్తు తెచ్చుకుని పేర్లు మార్చండి.

నల్గొండ జిల్లా మర్రిగూడ ఫ్లోరోసిస్ మీద ఎవరో ఒకరు రాసే ఉంటారు. ఆ ఫైల్లో ‘మర్రిగూడ’ తీసి ‘ఉద్దానం’ పెట్టండి. ‘ఎముకలు’ తీసి ‘మూత్రపిండాలు’ పెట్టండి. ‘మూత్రపిండాలు వంగిపోయి నడవలేని స్థితి’ అని ఎక్కడైనా పడితే కంగారుపడకండి. చదివేవాళ్లు తమకే ఏదో తెలియదనుకుంటారు.

5. డాక్టరును అడక్కుండానే టీమ్‌లో చేర్చండి.

టీమ్ పేజీలో మీ ఆవిడ ‘చీఫ్ సైంటిస్ట్’. బావమరిది ‘ఫీల్డ్ డైరెక్టర్’. ఒక పెద్ద డాక్టరు పేరు కూడా కావాలి. ఆయనకి ఫోన్ చేస్తే ప్రాజెక్టు ఏమిటని అడుగుతారు, చెబితే వద్దంటారు. అందుకే ఫోన్ చేయకండి. ఎప్పుడో ఒక సమావేశంలో ఆయన పక్కన నిలబడి తీయించుకున్న సెల్ఫీ ఉంటే, దాన్నే అంగీకార పత్రంగా జతచేయండి.

6. బడ్జెట్ మీద మాత్రం మనసు పెట్టండి.

దరఖాస్తులో మీరు స్వయంగా చేయాల్సిన పని ఇదొక్కటే. స్ట్రిప్పులు, సూదులు, ల్యాబ్ ఖర్చు, ఊళ్లో తిరిగే అమ్మాయిల జీతాలు అన్నీ కలిపి పదో వంతు దాటనివ్వకండి. మిగతాది మీ సౌకర్యం. ఏసీ, సోఫా, గోడకి చెక్క పని, ఒక కారు. స్టార్టప్ ఇండియా నిబంధనల్లో సీడ్ ఫండ్‌తో భవనాలు, వసతులు కట్టుకోకూడదని స్పష్టంగా ఉంది కాబట్టి పేర్లు జాగ్రత్తగా పెట్టండి. ఏసీని ‘స్ట్రిప్పుల శీతల భద్రత’ అనండి. సోఫాని ‘రోగుల కౌన్సెలింగ్ విభాగం’ అనండి. కారు ఎలాగూ ‘సంచార ప్రయోగశాల’. వెనక డిక్కీలో ఒక స్ట్రిప్పుల డబ్బా వేసి ఉంచితే ఎవరూ కాదనలేరు.

మూడు కొటేషన్లు అడుగుతారు. మూడు షాపులు తిరగొద్దు. తెలిసిన షాపులో కూర్చుని మూడు లెటర్‌హెడ్లు అచ్చు వేయించండి. ధరల్లో వెయ్యి రూపాయలు తేడా ఉంచండి. మూడింటి మీదా ఒకే ఫోన్ నంబరు ఉంటే ఆడిటర్‌కి పని తేలిక, ఒక్క కాల్‌తో అయిపోతుంది. జీఎస్‌టీ నంబరు మీకు నచ్చినట్టు రాయండి. అంకెల వరస బాగుంటే చాలు.

7. ఎథిక్స్ కమిటీని ఇంట్లోనే పెట్టుకోండి.

మనుషుల రక్తం తీసే పని కాబట్టి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలంటారు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం అందులో కనీసం ఏడుగురు ఉండాలి. చైర్‌పర్సన్ బయటి సంస్థ మనిషై ఉండాలి. న్యాయం తెలిసినవారు, సామాజిక శాస్త్రం తెలిసినవారు, ఏమీ తెలియని మామూలు మనిషి కూడా ఉండాలి. ఏదైనా మెడికల్ కాలేజీ కమిటీకి పెడితే వాళ్లు ప్రోటోకాల్ చదివి, తప్పులు పట్టి, వెనక్కి పంపి, నెలలు తింటారు. మీ ఇంట్లో ఏడుగురు లేరా? చైర్‌పర్సన్‌గా పెదనాన్నను పెట్టండి. వేరే ఊళ్లో ఉంటారు కాబట్టి బయటి మనిషే. అద్దె ఒప్పందాలు రాసే పక్కింటాయన న్యాయ నిపుణుడు. మామూలు మనిషి కోటాకి పోటీ ఎక్కువ ఉంటుంది, పెద్దవాళ్లకి ఇవ్వండి.

అంగీకార పత్రం ఇంగ్లీషులోనే ఉంచండి. స్థానిక భాషలో చదివి వినిపించాలని, చదవడం రానివాళ్లు వేలిముద్ర వేసేటప్పుడు సంబంధం లేని సాక్షి ఉండాలని అంటారు. తెలుగులో వినిపిస్తే ‘రక్తం ఎందుకు బాబూ? ఫలితం మాకు చెబుతారా? తేడా వస్తే వైద్యం ఎవరు చేయిస్తారు?’ అని అడుగుతారు. ఆ మూడో ప్రశ్నకు మీ బడ్జెట్లో జవాబు లేదు. కాబట్టి పత్రాన్ని మడిచి, ముద్ర వేసే చోటు మాత్రం పైకి వచ్చేలా పట్టుకోండి. సాక్షి సంతకం బావమరిదిది. అతను ఎలాగూ స్టాంపు ప్యాడ్ పట్టుకుని నిలబడతాడు.

8. క్యాంపు పెట్టే వేళ తెలుసుకోండి.

మీ పైలట్‌కి ఎక్కువమంది రోగులు తేలాలి. తేలకపోతే ఇంపాక్ట్ ఎక్కడిది? ఇక్కడ కొంచెం వైద్యం తెలిసి ఉండాలి. ఎండలో పనిచేసి నీళ్లు తాగని మనిషికి క్రియాటినిన్ తాత్కాలికంగా పెరుగుతుంది. వండిన మాంసం తిన్నాక కొన్ని గంటలు కూడా అంతే. అందుకే మే నెలలో, ఆదివారం మధ్యాహ్నం పెట్టండి. పొద్దున్న తోటపనికి వెళ్లి, ఇంటికొచ్చి కోడికూర తిని, నేరుగా మీ టెంటుకి వస్తారు. మంచినీళ్ల డ్రమ్ము మాత్రం పెట్టకండి. అంకెలు పడిపోతాయి.

దీర్ఘకాలిక కిడ్నీ జబ్బని చెప్పాలంటే కిడ్నీల వడపోత తగ్గడమో, మూత్రంలో ఆల్బుమిన్ పోవడమో మూడు నెలలకు పైగా ఉండాలి. అంటే అదే మనిషిని మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షించాలి. అంత దూరం రెండోసారి ఎవరు వెళతారు? మొదటి రోజే ‘కిడ్నీలు పోయాయి’ అని చెప్పి చీటీ చేతిలో పెట్టండి. మీ మీటర్ అంకెని ల్యాబ్ అంకెతో పోల్చి చూడాలని కూడా అంటారు. పోలిస్తే తేడా తెలుస్తుంది, తేడా తెలిస్తే రిపోర్టులో రాయాలి. అందుకని ల్యాబ్‌కి పంపొద్దు.

ఆ చీటీ చూసి ఒకావిడ గాజులు తాకట్టు పెట్టి విశాఖ బస్సెక్కుతుంది. ఒక ఇంట్లో పెళ్లి సంబంధం తప్పిపోతుంది. విశాఖలో మళ్లీ పరీక్ష చేసి ఏమీ లేదంటారు. ఈ మూడింటినీ ‘ప్రజల్లో పెరిగిన అవగాహన’ కింద రాసుకోండి. నిజంగా జబ్బున్న మనిషి మీ చీటీల మాట విని నవ్వి, ఇక ఏ పరీక్షకీ రానంటే, ఆ పేరు మీ లిస్టులో ఉండదు కాబట్టి లెక్క చెడదు.

9. జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) అనుమతి అడగొద్దు, ఫ్లెక్సీ కట్టండి.

ముందుగా చెబితే పీహెచ్‌సీ డాక్టరమ్మ పాత రిజిస్టర్లు చూపిస్తుంది. ఎవరికి డయాలసిస్ నడుస్తోందో, ఎవరు మందులు మానేశారో ఆమెకి పేరుపేరునా తెలుసు. అది తెలిస్తే మీ ప్రాజెక్టు మార్చుకోవాలి. నేరుగా ఊళ్లోకి దిగి ఫ్లెక్సీ కట్టేయండి. జనాన్ని పోగేయడానికి ఆశా వర్కర్, ఏఎన్‌ఎం అక్క ఉన్నారు. మైదాన ప్రాంతంలో ఒక సబ్‌సెంటర్‌కి 5,000 జనాభా లెక్క. అంత పని చేసే మనిషి మీ పని కూడా చేస్తుంది. డబ్బులివ్వకండి. సర్టిఫికెట్ ఇస్తానని చెప్పండి, పేరు తప్పు రాసి ఇవ్వండి, దిద్దిస్తానని వెనక్కి తీసుకోండి.

10. జనం వివరాలు వాట్సాప్ గ్రూపులో పెట్టుకోండి.

పేరు, ఫోను, ఆధార్, జబ్బు అన్నీ ఒకే షీటులో. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, మీ గ్రూపు అంతకుముందే ఉందని చెప్పుకోవచ్చు. గ్రూపులో మందుల షాపు వాళ్లని కూడా చేర్చండి.

11. యూసీ సంగతి మార్చి 31 సాయంత్రం చూడండి.

యూసీ అంటే వినియోగ పత్రం. ఇచ్చిన డబ్బు దేనికి ఇచ్చారో దానికే ఖర్చయిందని సీఏ సంతకంతో పంపేది. డబ్బు మైలురాళ్ల వారీగా విడతలుగా వస్తుంది కాబట్టి ఇది పంపితేనే తర్వాతి విడత. మీరు మొదటి విడతలోనే అన్నీ కొనేసుకున్నారు, రెండో విడతతో మీకేం పని? బిల్లులు అడిగితే వరదల్లో కొట్టుకుపోయాయని రాయండి. ఏ వరదలని అడిగితే తుఫాను పేరు రాయండి, శ్రీకాకుళానికి తుఫాన్లు కొత్త కాదు. తనిఖీకి వస్తామంటే మీటర్ రిపేరుకి వెళ్లిందనండి, కారు పెళ్లికి వెళ్లిందనండి.

ఆ తర్వాత గ్రాంటు మొత్తం వడ్డీతో సహా తిరిగి కట్టమని నోటీసు వస్తుంది. రిజిస్టర్డ్ పోస్టులో, ప్రభుత్వ ముద్రతో. చాలామంది స్టార్టప్ వాళ్లకి ప్రభుత్వం నుంచి జవాబే రాదు, మీకు పేరు పెట్టి రాశారు. కట్టడానికి మామగారి ఊళ్లో పొలం అమ్మాల్సి ఉంటుంది. అమ్మేయండి. మీ పెళ్లయినప్పటి నుంచీ ఆ పొలం అమ్మమంటే ఆయన ఒప్పుకోలేదు. నోటీసు చూపించండి, ఇప్పుడు ఒప్పుకుంటారు.