ఆముదం తాగే ఇంజను స్వీయచరిత్ర

గ్లో ఇంజను, అది ఎగరేయాల్సిన విమానం ఒక పెట్టెలో పుట్టవు. ఇంజను ఒక దేశంలో, బాల్సా చెక్కల కిట్టు ఇంకో దేశంలో తయారై, బల్ల మీద మొదటిసారి ముఖాలు చూసుకుంటాయి. ఇంజను పెట్టె మీద దాని పరిమాణం ఉంటుంది. కిట్టు పెట్టె మీద ఏ పరిమాణం ఇంజను కావాలో ఉంటుంది. ఆ రెండంకెలు కలిస్తే సంబంధం కుదిరినట్టే అనుకుంటారు చాలామంది. నక్షత్రాలు మాత్రమే చూసి లగ్నపత్రిక రాసేయడం లాంటిదది.

ఈ ఆత్మకథ చెబుతున్నది 46 తరగతి ఇంజను. వ్యాకరణంలో 'నేను'ది ఉత్తమ పురుష. సైలెన్సరులోంచి జిడ్డు కార్చుకుంటూ బతికే యంత్రానికి ఆ పేరు తగదు కాబట్టి, ఇందులో అది తనను తాను 'ఈ ఇంజను' అనే చెప్పుకుంటుంది. 46 అంటే సుమారు 0.46 ఘనపుటంగుళాలు, మన లెక్కలో ఏడున్నర సీసీకి రవ్వంత తక్కువ. సిలిండరు లోపలి వ్యాసం 22 మిల్లీమీటర్లు, పిస్టను పైకీ కిందికీ నడిచే దూరం 19.6. సైలెన్సరుతో కలిపి బరువు అరకిలో లోపే. షిగెయో ఒగావా 1936లో జపాన్‌లోని ఒసాకాలో మొదలుపెట్టిన ఓ.ఎస్. కంపెనీ సరుకు ఇది. పిస్టను అల్యూమినియం, దాని చుట్టూ ఇత్తడి గొట్టం, గొట్టం లోపల నికెల్ పూత. గొట్టం పైకి పోయే కొద్దీ వెంట్రుకవాసి సన్నబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు ముందున్న పంకాను, అంటే ప్రొపెల్లరును, చేత్తో తిప్పితే పిస్టను పైన బిగుసుకుని కీచుమంటుంది. కొత్తవాళ్లు ఇంజను పట్టేసిందని కంగారుపడతారు. వేడెక్కితే గొట్టం వ్యాకోచించి, ఆ బిగువు సరిగ్గా కావలసినంతే మిగులుతుంది.

స్పార్కు ప్లగ్గు లేకపోవడమే గ్లో ఇంజను ప్రత్యేకత. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ గ్లో ప్లగ్గును బజారులోకి తెచ్చాక, మోడల్ విమానం మోయాల్సిన కాయిల్, కండెన్సరు, బ్యాటరీల బరువు దిగిపోయింది. ప్లగ్గులో ప్లాటినం కలిసిన సన్నని తీగ చుట్ట ఒకటి ఉంటుంది. ఒకటిన్నర వోల్టు బ్యాటరీ తగిలిస్తే అది ఎర్రబడుతుంది, ఇంజను అందుకుంటుంది, బ్యాటరీ తీసేస్తారు. ఆ పైన తీగను ఎర్రగా ఉంచేది మెథనాల్ ఆవిరి. ప్లాటినం సమక్షంలో మెథనాల్ తనంత తానే వేడి పుట్టిస్తుంది. అందుకే ఈ ఇంజనులో పెట్రోలు పోస్తే పలకదు.

దాని ఆహారం మెథనాల్ ఎనభై పాళ్లు, ఆముదం ఇరవై పాళ్లు. అంతర్జాతీయ వైమానిక సమాఖ్య కంట్రోల్ లైన్ స్పీడు పోటీలకు నిర్ణయించిన మిశ్రమమూ ఇదే. నైట్రోమీథేన్ పది శాతం కలిపితే తక్కువ వేగంలో ఇంజను నిలకడగా తిరుగుతుంది. అది ఖరీదు, దొరకడమూ కష్టం. లేకపోయినా కాస్త వేడి ప్లగ్గు బిగించుకుంటే పని నడుస్తుంది. తెలుగువాళ్లు ముఖం మాడ్చుకున్నవాణ్ణి ఆముదం తాగినట్టున్నాడంటారు. ఈ ఇంజను ముఖం మాడేది ఆముదం తగ్గినప్పుడు. ఇంధనం పలచబడి సిలిండరు కాగినా, మిగతా నూనెల పొర ఆవిరైపోయినా, చివరిదాకా పిస్టనును కాపాడేది అదే. అయితే గింజలు వేయించి, ఉడికించి తీసే ఇంటి ఆముదం పనికిరాదు. గానుగలో పచ్చిగా ఆడించి, జిగురు తీసి, శుద్ధి చేసినది కావాలి. మెథనాల్ మాత్రం విషం. కడుపులోకి పోతే కళ్లు పోతాయి, ప్రాణమూ పోతుంది. పట్టపగలు అంటుకుంటే దాని మంట కంటికి ఆనదు.

ఈ ఇంజను చేరిన చోటు రాయపూర్. యజమాని డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీలో, వ్యాగన్లు మరమ్మతు చేసే రైల్వే షాపు నీడలో పెరిగిన తెలుగువాడు. విజయనగరం నుంచి రాయపూర్ దాకా పట్టాలు 1931 నాటికి కలిశాయి. ఆ దారినే ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ ఉత్తరాంధ్ర కుటుంబాల్లో వాళ్లదొకటి. చదువుకునే రోజుల్లో అతను ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ క్యాడెట్. వాయుసైనిక్ శిబిరాల్లో ఏరోమోడలింగ్ పోటీలు ఉంటాయి. రెండు తీగలు చేతబట్టుకుని, చుట్టూ గుండ్రంగా తిరిగే కంట్రోల్ లైన్ విమానాలతో అతని చెయ్యి కుదిరింది. తీగలు లేని రేడియో విమానానికి అతను కొత్తే.

బల్ల మీదికి నాలుగు ఎంపికలు వచ్చాయి. అమెరికాలోని సిగ్ కంపెనీ కిట్టు కడెట్ ఎల్‌టీ-40, పైరెక్క ట్రైనరు. అదే కంపెనీ ఫోర్-స్టార్ 40, కింది రెక్కది. 1960లలో ఫిల్ క్రాఫ్ట్ గీసిన అగ్లీ స్టిక్‌ను చూసి పుట్టిన స్టిక్ జాతి విమానం ఒకటి. పేరుకు తగ్గట్టు దానిది అందంతో పనిలేని పెట్టెలాంటి మొండెం. నాలుగోది యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ నకలు. మేనల్లుడి చూపు దాని మీదే. "మావయ్యా, స్పిట్‌ఫైరే కొను" అన్నాడు. "ముందు దింపడం నేర్చుకోనీరా" అన్నాడు యజమాని. కిట్లు ఎంచడంలో ఆ ఇంట్లో పలికిన తెలివైన మాట అదొక్కటే. మిగతాదంతా లెక్క.

లెక్కలో మొదటిది వింగ్ లోడింగ్, అంటే రెక్క ఒక్కో చదరపు డెసీమీటరు ఎన్ని గ్రాములు మోస్తుందన్నది. ఎల్‌టీ-40 రెక్క 70 అంగుళాల పొడవు, 900 చదరపుటంగుళాల వైశాల్యం. ఎగిరే బరువు రెండున్నర కిలోలు దాటినా చదరపు డెసీమీటరుకు 43 నుంచి 47 గ్రాములే పడుతుంది. ఫోర్-స్టార్ రెక్క 604 చదరపుటంగుళాలు. సుమారు రెండుంపావు కిలోలతో 58 గ్రాములు. ఈ పరిమాణంలో స్పిట్‌ఫైర్ నకళ్లు తరచు 75 దాటి 80కి చేరతాయి. నాలుగింటికీ పెట్టె మీద కోరిన ఇంజను ఒకటే కదా అంటే, ఇంజను లాగే బలమే ఒకటి. పడిపోకుండా నిలవడానికి కావలసిన వేగం ఒకటి కాదు.

రెండో లెక్క రాయపూర్ గాలి. పెట్టెల మీద రాసే సిఫార్సులకు ఈ ఊరి ఎండ తెలియదు. ఊరు సముద్రమట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తున ఉంది. జనవరి ఉదయం పన్నెండు డిగ్రీల చలిలో ఇక్కడి ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. మే నెలలో 45 డిగ్రీల మధ్యాహ్నం 1.06 కిలోలకు దిగుతుంది. ఎనిమిదో వంతు గాలి మాయమైనట్టే. ఇందులో చెవిని మోసం చేసే కిటుకు ఒకటుంది. గాలి పలచబడితే ఇంజను శక్తి తగ్గుతుంది, పంకాకు ఎదురయ్యే బరువూ అంతే తగ్గుతుంది. పంకా తిరిగే చుట్లు పెద్దగా పడిపోవు, శబ్దం జనవరిలో విన్నట్టే ఉంటుంది. తగ్గేది పంకా వెనక్కి నెట్టే గాలి బరువు, అంటే విమానాన్ని లాగే బలం. రెక్కకూ అదే గతి. నిలవడానికి ఆరు శాతం ఎక్కువ వేగం కావాలి. సుమారుగా లెక్కకడితే మే నెలలో కడెట్ వేగం గంటకు 30 కిలోమీటర్లకు తగ్గేదాకా నిలుస్తుంది, ఫోర్-స్టార్ 37 దాకా, స్పిట్‌ఫైర్ 44 దాకా. 30కీ 44కీ తేడా చిన్నదే అనిపించవచ్చు. వేగం ఒకటిన్నర రెట్లయితే నేల మీద ఆపాల్సిన శక్తి రెండింతలు దాటుతుంది.

ఆ నేల సంగతి కిట్టు కొనేవాళ్లలో ఎక్కువమంది చివర ఆలోచిస్తారు, ఆలోచించాల్సింది మొదట. ఛత్తీస్‌గఢ్ రైతు నేలలకు వేర్వేరు పేర్లు పెట్టాడు. నల్లరేగడి కన్హార్, పసుపు నేల మటాసీ, మెరక మీది ఎర్రటి మొరం నేల భాఠా. కన్హార్, మటాసీ నేలల్లో వరి పండుతుంది. పంట సరిగా పండని భాఠా ఖాళీగా, చదునుగా పడి ఉంటుంది కనుక విమానం ఎగరేసేవాళ్లకు దక్కేది అదే. అక్కడి గులకరాయి పంకా అంచును కొరుకుతుంది, చిన్న చక్రం రాయికి తట్టుకుని బోర్లా పడుతుంది. కాబట్టి ముక్కు కింద చక్రమున్న మూడు చక్రాల ట్రైనరైతే పెద్ద చక్రాలు వేసుకోవాలి. తోకచక్రం విమానంలో పంకా నేలకు ఎత్తులో ఉంటుంది, ఎర్రరాళ్ల మీద ఇది లాభమే. పరుగు మొదట్లో పక్కకు లాగే దాని గుణాన్ని మాత్రం చుక్కానితో అదుపు చెయ్యడం రావాలి. స్పిట్‌ఫైర్ చక్రాలు రెండూ దగ్గరదగ్గరగా, ముడుచుకునేలా ఉంటాయి. భాఠా మీద వాటి ఆయుష్షు గురించి ఈ ఇంజను ఏమీ అనదు.

స్పిట్‌ఫైర్‌ను తోసిపుచ్చడానికి ఇంకో కారణం దాని మూతి. ఇంజనంతా మూత లోపల ఉంటుంది. ముందు నుంచి దూరిన గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది కనుక, బయటికి పోయే దారి లోపలికి వచ్చే దారికన్నా రెండుమూడింతలు పెద్దదిగా ఉండాలి. నకలు అందం చెడుతుందని ఎవరూ అంత కన్నం కొయ్యరు. మే నెలలో అలాంటి మూతలో తిరగడం ఈ ఇంజనుకు కుమ్మరి ఆవంలో కాపురం. కడెట్, ఫోర్-స్టార్, స్టిక్‌లలో తల బయటే ఉంటుంది.

కిట్టు విప్పి చూసేటప్పుడు ఇంజను తరఫున చూడాల్సింది ట్యాంకు గది. ఈ పరిమాణానికి 240 నుంచి 300 మిల్లీలీటర్ల ట్యాంకు కావాలి. మెథనాల్ ఒక పాలుకు ఆరున్నర పాళ్ల గాలి చాలు, పెట్రోలుకు పద్నాలుగు పైచిలుకు. అందుకే గ్లో ఇంజనుది తిండిపోతు కడుపు, ట్యాంకు నిండా పోస్తే పన్నెండు నిమిషాలకు అటూఇటూ. ట్యాంకు మధ్యరేఖ కార్బురేటరులో ఇంధనం చిమ్మే గొట్టానికి ఒక సెంటీమీటరు లోపు కిందుగా ఉండాలి. ఎక్కువ కిందికి పోతే ముక్కు పైకెత్తినప్పుడు ఇంజను ఆకలితో ఆగిపోతుంది. ట్యాంకు చుట్టూ స్పాంజి లేకపోతే అదురుకి ఇంధనం నురగెత్తి, మోత తప్ప బలం ఉండదు. ఇంజను బిగించే ఫైర్‌వాల్ పలకకు ఎపాక్సీ పూయాలి. లేకపోతే ఆముదం ఏడాదిలో ప్లైవుడ్‌లోకి ఇంకి, అతుకులు వదులుతాయి.

చెక్క నాణ్యత పైకి కనిపించదు. బాల్సా ఘనపు మీటరుకు వంద కిలోలు తూగేదీ ఉంది, రెండు వందలు తూగేదీ ఉంది. రెండూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. తోకకు బరువు చెక్క పడితే దానికి సరితూగేలా ముక్కులో సీసం వేయాలి. ఇంజనుకు అన్నిటికన్నా కోపం తెప్పించేది అదే, లాగేవాడి నెత్తిన రాయి పెట్టడం. ఇక తయారుగా అతికించి వచ్చే ఏఆర్‌ఎఫ్ విమానాలు వారంలో గాలిలో ఉంటాయి. కిట్టుకు రెండు నెలలు. అయినా విడిభాగాలు దొరకని ఊళ్లో కిట్టే మేలు. కట్టే ముందు పక్కటెముకల ఆకారాలన్నీ కాగితం మీద గీసి దాచుకుంటే, విరిగినది మళ్లీ కోసుకోవచ్చు. అవి దాచని యజమానులు రెక్క విరిగాక కిట్టంతా కొంటారు.

చట్టం కూడా ఎంపికలో భాగమే. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలు, చదువుకో సరదాకో కంటిచూపు పరిధిలో ఎగరేసే 25 కిలోల లోపు విమానాలను మోడల్ తరగతిలో చేర్చి, వాటికి టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదన్నాయి. విమానాశ్రయం ప్రహరీ నుంచి 12 కిలోమీటర్ల లోపు మాత్రం ఆంక్షలున్నాయి. స్వామి వివేకానంద పేరు పెట్టుకున్న మానా విమానాశ్రయం రాయపూర్‌కు ఆనుకునే ఉంది. నగరం దక్షిణ, తూర్పు వైపుల్లో మంచి మైదానం కనబడ్డా, ముందు ప్రభుత్వ డిజిటల్ స్కై పటం చూడక తప్పదు.

చివరికి కొన్నది కడెట్. 11 అంగుళాల వ్యాసం, 5 అంగుళాల పిచ్ ఉన్న పంకాతో ఈ ఇంజను దాన్ని రెండు చలికాలాలు లాగింది. మొదటి లీటరు, ఇంధనం ఎంత పోవాలో సర్దే నీడిల్‌ను వదులుగా ఉంచి, తెల్లటి పొగతో, బలం చూపించకుండా తిరిగింది. రాపిడి సర్దుకునే కాలమది, తొందరపెడితే నికెల్ పూత లేస్తుంది. ఏప్రిల్‌లో వడగాడ్పులు మొదలయ్యాక ఉదయం ఏడులోపే ఎగిరింది. ఎండ ముదిరే కొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి నీడిల్‌ను రెండు మూడు పళ్లు బిగించాల్సి వచ్చేది, డిసెంబరులో తిరిగి వదలాల్సి వచ్చేది. పంకాలు మూడు విరిగాయి, మూడూ దిగేటప్పుడే.

మూడో చలికాలానికి ఫోర్-స్టార్ వచ్చింది. కడెట్ ఫైర్‌వాల్ మీది మౌంటు విప్పి, నాలుగు బోల్టులతో సహా దీనికి బిగించారు. పంకా 11కి 6 అయింది. స్టిక్ వంతు రాలేదు. స్పిట్‌ఫైర్ పటం మేనల్లుడి గది గోడ మీద ఉంది. జూన్‌లో వానలు పడగానే మెథనాల్ గాలిలోని తేమ పీల్చడం మొదలుపెడుతుంది కాబట్టి ట్యాంకు వంచేసి, గొట్టంలో మిగిలిన చుక్క కూడా మండేదాకా ఇంజను తిప్పి, ప్లగ్గు ఊడదీసి లోపల నూనె చుక్కలు వేసి, పిస్టనును కిందికి దించి, గుడ్డలో చుట్టి బీరువా పై అరలో పెట్టారు.